ఎఫ్‌వన్ నొక్కితే పోతుంది

"ఫోన్ దించప్పా! ఇది మందిరం, తిరునాల కాదు."

ప్రేమమ్మ గద్దింపుకు వెనుక వరుసలో పాట రికార్డు చేయడానికి ఫోన్ ఎత్తబోయిన లారీ డ్రైవరు ఉలిక్కిపడి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఎర్రగుంట్లకు సిమెంటు లోడు కోసం వచ్చే ఆ మనిషి కొన్ని ఆదివారాలుగా ఆరాధనకు వస్తున్నాడు. స్పీకర్లో జెస్సీ పాట మొదలు కాగానే కళ్లు మూసుకుంటాడు.

జెస్సీ ఆ మందిరం హాస్టల్లో పెరిగింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో వాకిట్లో వదిలి వెళ్లారు. పెద్దయ్యాక ఆ వాకిలి వైపే చూస్తూ పాడేది.

నిరుడు జ్వరంతో కన్నుమూసింది.

ఆమె పాటలు మందిరం కంప్యూటర్లో మాత్రమే మిగిలాయి. వాటికి కాపలా, మందిరం పనులు చూసుకునే ప్రేమమ్మే.

ఆరాధన ముగుస్తుండగా కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచి, నల్లటి తెర మీద ఏదో హెచ్చరిక చూపింది.

క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చిన డ్రైవరు తెరను చూసి ఆగిపోయాడు.

"ఏమమ్మా అది?"

"ఎప్పుడూ వస్తాది. ఎఫ్‌వన్ నొక్కితే పోతాది."

"నొక్కొద్దమ్మా! ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా కాడ ఇట్లే వచ్చె. డిస్కు తన లోపల చెడిన చోట్లు తానే లెక్క పెట్టుకుంటాదంట. ఇంక నా చేత కాదని ముందే చెప్తాదంట. వాళ్లు ఇనలేదు, అంతా పాయ."

"అయితే?"

"పాటలు ఇంకోదాంట్లోకి ఎక్కించండి." జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "నాకూ ఒక్క పాట..."

ప్రేమమ్మ ముఖం బిగుసుకుంది.

"అదీ సంగతి! కాపీ కోసమా ఈ కథంతా? ఇట్లనే ఇంకో పిల్ల పాట ఒకడు ఎత్తుకపోయి తన పేరు పెట్టుకున్యాడు. దిక్కులేని పిల్లకు అన్యాయం జరగనియ్యను."

"లారీలో ఇనుకుంటానమ్మా, అంతే."

"జెస్సీకి నువ్వు ఏమైతావని ఇయ్యల్ల?"

అతడు పెన్‌డ్రైవ్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

ప్రేమమ్మ ఎఫ్‌వన్ నొక్కింది.

నెల తిరగకముందే ఆ హెచ్చరిక కూడా రావడం మానేసింది. తెర మీద ఏమీ లేదు.

"ఇది శానా దినాలుగా చెప్తానే ఉండాది గదమ్మా! ఎవురూ సూడలేదా?" అన్నాడు కడప నుంచి వచ్చిన మెకానిక్. పాటలు ఇక రావని డిస్కును ఆమె చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం డ్రైవరు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పాట రాలేదు. అందరూ వెళ్లినా అతడు కదలలేదు.

ప్రేమమ్మ వచ్చి ఆ వరుస చివర కూర్చుంది.

"నీ మాట ఇనింటే బాగుండె. పాటలన్నీ పాయెనప్పా."

అతడు చేతిలోని పెన్‌డ్రైవ్‌ను చూసుకున్నాడు.

"ఒక్కటన్నా లేదామ్మా?"

"లేదు. నువ్వన్నా ఆ పిల్ల గొంతు ఎదురుగా ఎప్పుడైనా ఇన్యావా?"

అతడు వాకిలి వైపు చూశాడు.

"పాడంగా ఇనలేదమ్మా... నా బిడ్డను ఆడ పండబెట్టి పోతాంటే, రోడ్డు దాకా నా ఎనకనే వచ్చిన ఏడుపొకటే ఇన్యా."