బూజు పరీక్ష

నాగర్‌కర్నూల్ ల్యాబ్‌లో బాలకిష్టయ్య టిఫిన్ డబ్బాను కండువా కింద దాచుకుని నిలబడ్డాడు.

“ఏముంది దాంట్ల, పెద్దాయనా?” అని అడిగింది ల్యాబ్ అమ్మాయి.

“ఒరుగులమ్మా. ఎండబెట్టిన మేక కూర. బూజు విషం ఉందేమో చూపియ్యిమన్నడు డాక్టరు.” గొంతు తగ్గించాడు. “లేదనే రావాలె, బిడ్డా.”

“మిషిన్ మొక్కులు ఇనదు. హైదరాబాద్ పంపుతం. వారం ఆగి రా.”

శ్రావణం వెళ్లాక ఆ ఒరుగులు వండింది కొత్త కోడలు వైష్ణవి. ఆ రోజు సోమవారం, బాలకిష్టయ్యకు ఒక్కపొద్దు. వైష్ణవికి ఒరుగుల వాసన పడదు. కొడుకు గిరిధర్ ఊళ్లో లేడు. తిన్నది భార్య తిమ్మమ్మ ఒక్కతే. తెల్లారేసరికి వాంతులు, ఆపైన దవాఖాన.

“ఎండబెట్టింది ఆమెనే, వండింది ఆమెనే. ముద్ద మాత్రం ముట్టలే,” అంది తిమ్మమ్మ మంచం మీది నుంచే. “ఇటిక్యాలకు పంపియ్యి. తల్లికాడ పని నేర్చుకొని రానీ.”

“రిపోర్టు రానియ్యి. పిల్ల తప్పేం లేదు.”

“గంత గట్టిగ ఎట్ల చెప్తవయ్యా? పొయ్యికాడ కావలి కూసున్నవా?”

ఆయన దీపం వెలిగించి, మామూలుకన్నా ఎక్కువసేపు దేవుని ముందు కూర్చున్నాడు.

వారం తర్వాత మళ్లీ ల్యాబ్‌కు వెళ్లాడు.

“విషం ఉంది, పెద్దాయనా.”

“ఎండబెట్టుడు తప్పా అమ్మా?”

“సరిగ్గ ఎండలేదో, ఎండినంక చెమ్మ తగిలిందో. గది మాకెట్ల తెలుస్తది? మీ ఇంట్లోళ్లనే అడుగు.”

ఇంటికి వచ్చి విషం ఉందని మాత్రమే చెప్పాడు. వైష్ణవి ఏడవలేదు. “నేనే సరిగ్గ ఎండబెట్టలేదేమో, అత్తమ్మా,” అని బట్టలు సంచిలో సర్దుకుంది.

ఇటిక్యాల బస్సు దగ్గర దాకా ఆయనే సంచి మోశాడు. ఎక్కే ముందు కోడలు వంగి ఆయన కాళ్లకు మొక్కింది.

“మీ కొడుకు గూడ నమ్మలే, మామా. నమ్మింది మీరొక్కలే.”

దీవించడానికి లేచిన చెయ్యి ఆమె తల దాకా పోలేదు. బస్సు కదిలింది.

శ్రావణంలో దేవుని గది పక్కన మాంసం ఉండకూడదని ఆ ఒరుగుల కుండను ఎవరికీ చెప్పకుండా తడి కొట్టంలో దాచిందీ, నెల తిరిగాక పైన పట్టిన బూజును కండువాతో తుడిచి మళ్లీ వంటింట్లో పెట్టిందీ బాలకిష్టయ్యే.