పదకొండో అచ్చు

"నీ చేత్తోనే చెడగొట్టేయి ధనంజయన్నా," అని ఉలి అతని చేతికిచ్చి, రెబెకా గోడవైపు తిరిగింది.

చెక్క మీద బొమ్మలు చెక్కి కాగితాల మీద అచ్చు తీసేదానికి తిరుపతిలో ఆరుగురు కలిసి నడుపుకునే గది అది. పది అచ్చులు తీసినాక, ఇంకెవరూ తీయకుండా చెక్కను చెడగొట్టాలనేది అక్కడి కట్టడి. చెక్కినవాళ్లకు చేతులు రావు కాబట్టి పక్కవాళ్లు చెడగొడతారు.

ఆ చెక్క మీదుండేది పోయిన ఏడు చనిపోయిన రెబెకా నాయన మొహం. చెక్కిన మూణ్ణెల్లూ ఆమె అందరికీ ఆయన సంగతులే చెప్పింది. చూపు ఆనకపోయినా కళ్లద్దాలు వద్దన్నాడంట. బైబిలు తలకిందులుగా పట్టుకుని కీర్తనలు పాడేవాడంట.

"అయిపాయనా?"

"అయిపాయె."

చెడిందని రుజువుకు ఇంకొక్క అచ్చు తీయడం కూడా కట్టడే. ధనంజయ చెక్కకు నల్లరంగు పూసి, కాగితం పరిచి, ప్రెస్సు తిప్పినాడు.

కాగితం లేపితే, నాయన కళ్ల చుట్టూ రెండు తెల్లటి గుండ్రాలు. ముక్కు మీద ఒక వంపు. చెవులదాకా రెండు కాడలు.

రెబెకా ఇటు తిరిగి చూసింది.

"అడ్డంగా గీత కొట్టాల గదన్నా?"

"చెడగొట్టమన్నారు, చెడగొట్టినా."

"మా నాయన అద్దాలు పెట్టుకోడన్నా."

"చెక్కినాంక ఇంగ యాడ తీస్తాడు?"

రెబెకా ఆ అచ్చును తీగ మీద ఆరేసి, క్లిప్పు పెట్టింది.

"ఇంగ బైబిలు సక్కగా పట్టుకుంటాడులే," అనింది.