బేస్ సౌండు

"ఇంకా పెంచప్పా! నా గిటారు సౌండే రాలేదు," అని స్టేజీ మీద నుంచే అరిచినాడు సర్దార్. పుంగనూరు రిసెప్షనుకు వచ్చిన జనమంతా తిరిగి చూసినారు.

సౌండు మిక్సరు కాడుండే లక్ష్మీపతి తల వంచుకున్నాడు. "పూరా పెట్టేసినానన్నా."

"నలభై ఏండ్లుగా బేస్ గిటారు వాయిస్తాండా, నాకు చెప్తావా? ఆ పనికిమాలిన వైరు మార్చు."

లక్ష్మీపతి కొత్త వైరు తెచ్చి గుచ్చినాడు. సర్దార్ తీగ మీటినాడు. అంతే సన్నంగా వినపడింది.

"అయితే స్పీకరే పోయుండాది!"

విసురుగా పోయి స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, ఇంకో చేత్తో మళ్లా మీటినాడు. అరచెయ్యి జివ్వున అదిరింది. స్పీకరు మీది నీళ్ల బాటిలు వణికింది. ముందు వరసలో ఒక ముసలామె రెండు చెవులూ మూసుకొనింది.

సర్దార్ గొంతు తగ్గించి, పాటలు పాడే రూపను అడిగినాడు. "శానా దినాలుగా సౌండు ఇంత పెద్దగానే ఉండాదామ్మా?"

రూప చెవిలోని దూది తీసి, "ఏమంటిరి మామా?" అనింది.

"దూది యాల పెట్టుకున్నావు?"

ఆ పిల్ల దూదిని గుప్పిట్లో దాచుకొనింది.

"జలుబన్నా ఆమెకు," అని అందుకున్నాడు లక్ష్మీపతి.

సర్దార్ గిటారు మీది నాబు తిప్పినాడు. తన చెవికి బొత్తిగా వినపడనంత దాకా సౌండు తగ్గించుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయిందా అప్పా?" అని లక్ష్మీపతినే అడిగినాడు.