రెండంతస్తుల మధ్య

“మీరు మెట్ల మీద రండయ్యా, బరువెక్కువైపోతుంది,” అంటూ ఆ శాసనసభ్యురాలు మంత్రిగారి పీఏనీ, గన్‌మన్‌నీ బయటే ఆపేసి లిఫ్టు తలుపు మూసింది.

మంత్రిగారికి ఒళ్లు మండింది. అవతల సభ మొదలవుతున్నట్టు గంట మోగుతోంది. ఆయన మాత్రం సభలోకి కాకుండా పై అంతస్తులో ఉన్న తన గదికి బయలుదేరారు. కారణం ఈవిడే. లిఫ్టు మెకానిక్కుల లైసెన్సు పరీక్షలు ఎందుకు ఆపేశారని ఆవిడ వేసిన ప్రశ్న ఇవాళ మొదట్లోనే వస్తుంది. సమావేశాలకు ఇదే ఆఖరి రోజు. జవాబివ్వాల్సిన మంత్రి సీట్లో లేకపోతే ప్రశ్న మురిగిపోతుంది. హాయిగా గదిలో కూర్చుని కాఫీ తాగి, గండం గడిచాక దిగొద్దామని ఆయన ఎత్తు. ఇదివరకు రెండుసార్లు అలాగే తప్పించుకున్నారు.

లిఫ్టు కాస్త పైకెక్కి, ఒళ్లు అదిరేలా ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. పెద్ద లైటు ఆరిపోయి మూలన చిన్నది వెలిగింది.

మంత్రిగారు లోలోపల సంబరపడ్డారు.

“చూశావామ్మా! సభకి వద్దామనే బయలుదేరాను. ఇలా అయితే నా చేతుల్లో ఏముంది చెప్పు?”

“సభ కిందుంది. మీరు పైకి నొక్కారు.”

ఆయన మొహం తిప్పుకుని పీఏకి ఫోన్ చేశారు.

“సార్, దీన్ని నిన్ననే బాగుచేశారండీ,” అన్నాడు పీఏ రొప్పుతూ. “కాంట్రాక్టరు బావమరిది వచ్చి ఏదో బిగించి వెళ్లాడట. ఇప్పుడు ఫోనెత్తడం లేదు.”

“బావమరిదేమిటయ్యా? వాడికి పనొచ్చా?”

“ఏమో సార్. కాంట్రాక్టరు మనుషులకి లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చాం కదండీ.”

ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద చతికిలపడింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి తాగింది. ఆయనకి ఇవ్వలేదు.

“నీకు భయం లేదా?”

“లిఫ్టులు బాగుచేసేవాళ్లింట్లో పుట్టాను. లిఫ్టంటే భయం లేదు, మీరంటేనే భయం.”

“ఇప్పుడు కూడా రాజకీయమేనా?”

“ఆసుపత్రి లిఫ్టు తెగి పడింది గుర్తుందా? అది కూడా ముందురోజే బాగుచేసింది. అందులో పోయిన ఆయా మా వీధి మనిషే. వాళ్లమ్మాయి నా గుమ్మంలో నిలబడి, ‘మా అమ్మని చంపినవాడికి పని వచ్చో రాదో చూసిందెవరు?’ అనడిగింది. నేనేం చెప్పను? మిమ్మల్ని అడుగుదామని వస్తే మీరు కాఫీకి పోతారు!”

“పరీక్షలు పెట్టడానికి నిధుల్లేవమ్మా...”

“సభ ముందు ఆ పాలరాతి ద్వారానికి ఎక్కడివి? చుట్టూ గోడే లేదు, ద్వారమొకటి! జనమంతా దాని పక్కనుంచి నడిచిపోతున్నారు.”

“అది ప్రభుత్వ ప్రతిష్ఠ.”

“ప్రతిష్ఠా?” ఆవిడ గొంతు ఆ ఇనప పెట్టెలో గింగురుమంది. “లిఫ్టు గుంటలోంచి ఆ ముసలిదాన్ని బయటికి తీస్తున్నప్పుడు మీరక్కడ రిబ్బను కత్తిరిస్తున్నారు. సిగ్గు లేదా మీకు?”

కోపం పట్టలేక అరచేత్తో గోడని దబదబా బాదింది. లిఫ్టు మళ్లీ కుదిపింది. మంత్రిగారు పడబోయి, కమ్మీ పట్టుకుని, మెల్లగా ఆవిడ పక్కనే కూలబడ్డారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఫోనులో అరిచారు.

“పని తెలిసిన మనిషే లేడా ఈ ఊళ్లో?”

“కింద లిఫ్టు పక్కన బెంచీ మీద ఓ పెద్దాయన ఉన్నాడు సార్. తనకొచ్చంటున్నాడు. లైసెన్సు గడువు తీరిపోయిందట. పరీక్ష పెడితేగానీ కొత్తది రాదు. గడువు తీరినవాళ్లు లిఫ్టు ముట్టుకుంటే జైలని మన ఉత్తర్వు ఉంది కదా, చెయ్యి పెట్టనంటున్నాడు.”

“ఏం కాదని నేను చెప్పానని చెప్పు!”

“చెప్పాను సార్. సభలో చెప్పమంటున్నాడు.”

మంత్రిగారు పెద్దాయన్నీ, కాంట్రాక్టర్నీ, వాడి బావమరిదినీ కలిపి ఓ తిట్టు తిట్టారు. మూలనున్న చిన్న లైటు మిణుకుమంది. దాంతో ఆయన పట్టుదల కాస్తా నీరుగారిపోయింది.

“సరే. సహాయమంత్రి లోపలే ఉన్నాడుగా, నా తరఫున సభలో ప్రకటన వాడి చేత చదివించు. వచ్చే నెలలోనే పరీక్షలు పెడతాం. అందాకా పాత లైసెన్సులన్నీ చెల్లుతాయి.”

“కాంట్రాక్టర్ల మినహాయింపు రద్దు,” అంది ఆవిడ.

“అది కూడానా?”

ఆవిడ చెయ్యి మళ్లీ గోడ మీదికి లేచింది.

“రద్దు, రద్దు! అదీ చెప్పించు.”

పీఏ పరుగెత్తి, సభ బయటి స్పీకరు దగ్గర ఫోను పెట్టాడు. సహాయమంత్రి తడబడుతూ మూడు మాటలూ చదవడం, సభ్యులు బల్లలు చరచడం వాళ్లిద్దరికీ వినిపించింది. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మంత్రిగారు చూడనట్టు నటించారు.

కాసేపటికి ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది. లిఫ్టు చిన్న కుదుపైనా లేకుండా కిందికి దిగింది. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా స్క్రూడ్రైవరు పట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు.

“నీలాంటివాళ్లే కావాలయ్యా మాకు,” అని మంత్రిగారు ఆయన భుజం తట్టారు. జన్మలో లిఫ్టు ఎక్కనని ఒట్టేసుకుని మెట్ల దారి పట్టారు. మలుపు తిరుగుతుండగా కిందినుంచి పెద్దాయన గొంతు వినిపించింది.

“ఇంకాసేపు ఆపాల్సిందా, అమ్మాయ్?”