పది నిమిషాల ఫోటో

ఫోనుకైతే రెప్పపాటు పని. నయన కొన్న పాత రీలు కెమెరాకు మాత్రం వెన్నెల్లో పది నిమిషాలు పట్టింది. అంతసేపట్లో నడిచే మనిషి రీలులో పడడు, కదలకుండా ఉన్నదే పడుతుంది. కెమెరాను సోలార్ ప్యానెళ్ల వైపు పెట్టి, చలికి తను దాని వెనకే పచార్లు చేసింది. ఒకప్పుడా నేల వాళ్ల వేరుశనగ చేను. అడవిపందులు పడకుండా, చనిపోయేదాకా తాత కాపలా కాసింది అక్కడే.

మర్నాటి రాత్రి స్నానాలగదిలో, ఎర్రబల్బు కింద, ఫోటో కడిగే మందునీళ్ల తొట్టిలో కాగితం మెల్లగా నల్లబడింది. ప్యానెళ్ల వరుసలు తేలాయి. నడుమ, కంబళి కప్పుకుని కూర్చున్న మనిషి తేలాడు. అతని పక్కన ఇంకేదో మసక. కొళాయి నుంచి ఒక చుక్క టప్పుమని రాలింది.

పక్కనే నిలబడ్డ అవ్వ రంగక్క తొట్టి మీదికి వంగింది.

"మీ తాత ఇంగా ఆడ్నే ఉండాడు, సరే పాపా. ఆయన పక్కన నువ్వెందుకు కూచోనుండావు?"