మొదటి పడవలో చోటు

అంతర్యుద్ధం నడుస్తున్న ఏప్రిల్‌లో ఎబ్రో నది మీది వంతెనను పేల్చేసిన రోజున ఎర్మెంగోల్‌కు ఇల్లు దూరమైంది. రొట్టెల పొయ్యికి పిండి తెద్దామని ఈ ఒడ్డుకు వచ్చాడు. బస్తా భుజానికెత్తుకుని తిరిగి చూస్తే వంతెన లేదు. భార్య రెమేయ్ అవతల ఆస్కోలో ఉండిపోయింది. ఆ ఊరు తిరుగుబాటు సైన్యం చేతిలో పడింది.

మర్నాడే అతను ప్రభుత్వ సైన్యంలో చేరాడు. మూడు నెలలకు, జూలైలో, తెడ్డు పట్టుకుని పడవలో కూర్చున్నాడు.

"మొదటి పడవలో ఎనిమిది మందికే చోటు. తెడ్డు తప్పినవాడు రేపట్నుంచి వంటశాలలో ఉల్లిపాయలు తరుగుతాడు," అన్నాడు కెప్టెన్.

ఎర్మెంగోల్ తెడ్డును బిగించి పట్టుకున్నాడు. వంటశాలలో కూర్చుంటే రెమేయ్‌ని చూసేదెప్పుడు?

"కానివ్వండి!" అన్నాడు ముసలి పడవవాడు ఇసీద్రె.

ఏడు తెడ్లు వెనక్కి వచ్చాయి. ఎర్మెంగోల్ పట్టిన ఎనిమిదోది ముందుకెళ్లి, ఎదుట కూర్చున్న బల్దీరి వీపున తగిలింది.

"అమ్మో! శత్రువుల కంటే ముందు నువ్వే చంపేట్టున్నావురా!"

"ఒరేయ్ రొట్టెలోడా, అది పొయ్యిలోకి తోసే కర్ర కాదురా. లాగాలి!" ఇసీద్రె అరిచాడు.

"ఇరవయ్యేళ్ల అలవాటు మామా. చేతులు వాటంతటవే తోస్తున్నాయి."

"మరి పొయ్యిలోంచి రొట్టెలెలా తీస్తావ్?"

"లాగుతా."

"అయితే మాడిపోతున్నాయి, లాగరా!"

ఆ మాటతో చేతులకు దారి దొరికింది. లాగాడు, మళ్లీ లాగాడు. ఎండకు మెడ కాలుతున్నా తల ఎత్తలేదు.

"మామా, రెమేయ్ నన్ను గుర్తుపడుతుందంటావా?"

"స్నానం చేసి ఎన్నాళ్లయింది? దూరం నుంచే గుర్తుపడుతుంది."

"పిండికని వెళ్లి మూడు నెలలా అని అడుగుతుంది ముందు," అన్నాడు బల్దీరి. అందరూ పగలబడి నవ్వారు.

"నవ్వులాపండ్రా! అవతల తుపాకులున్నాయి," కెప్టెన్ కసిరాడు.

"వాటిలో ఒకటి మా తోడల్లుడిదే సార్. వాడికి నా నవ్వు బాగా తెలుసు." అలా అన్నాక బల్దీరి మరి నవ్వలేదు.

"దిగండి!"

ఎనిమిది మందీ దూకి, గట్టెక్కి బోర్లా పడ్డారు. అందరికంటే ముందు ఎర్మెంగోల్. మట్టిని ముద్దుపెట్టుకుని లేచాడు.

కెప్టెన్ గడియారం చూసి టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "రొట్టెలోడా, ఉల్లిపాయలు ఇంకెవరైనా తరుగుతారులే. నీ చోటు నీదే."

ఇసీద్రె ఎర్మెంగోల్ భుజం తట్టాడు.

సాధన కోసం వాళ్లు దాటింది ఎండిపోయిన వాగు. నది ఇంకా దాటాలి.