ముప్పయ్యో మనిషి

మధ్యాహ్నం మూడింటికి ముప్పయ్యో పిల్ల కాలు బెణికింది. లాంగ్‌జంప్ ఇసుకలో దూకి, లేవబోయి, "అమ్మా" అంటూ మళ్ళీ అక్కడే కూలబడింది. చూస్తుండగానే చీలమండ బూరెలా పొంగింది. ట్రాక్ మీద సున్నం గీతలు వేస్తున్న గ్రౌండ్‌మ్యాన్‌కి గుండె గుభేలుమంది. ఆ కాలుతో పాటు తన ఉద్యోగమూ బెణికినట్టే.

ఐదింటికి ఫైనాన్స్ ఆఫీసర్ వస్తున్నాడు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు కత్తెర సారు. అసలే చిన్న యూనివర్సిటీ. ఈ ఏడు ఏ ఖర్చు కంటపడినా ఆయన కత్తెర ఆడిస్తున్నాడు. ముప్పై మంది ఉంటేనే అథ్లెటిక్స్ విభాగం, ఒక్కరు తగ్గినా మూసివేతే అని కాగితం పంపాడు. రిజిస్టర్లని ఆయన చచ్చినా నమ్మడు. మెడలో విద్యార్థి కార్డుతో, తన కళ్ళ ముందు ట్రాక్ చుట్టూ ఒక రౌండు పరిగెత్తి గీత దాటినవాళ్ళనే లెక్కేస్తాడు. విభాగం అంటే పెద్ద పటాలమేం కాదు. కోచ్ మేడమ్ ఒకరు, గ్రౌండ్‌మ్యాన్ ఒకడు.

నెల క్రితం దాకా నలభై ఒక్క మంది ఉండేవారు. నెమ్మదిగా పరిగెత్తే పదకొండు మందిని మేడమే ఏరి పంపించేసింది. మంచి కోచ్ చేసే పనే అది. ఈ సారు పతకాలు వదిలేసి తలకాయలు లెక్కపెడతాడని ఆవిడ కలగన్నదా?

"ఏం చేద్దామమ్మా?" అన్నాడు గ్రౌండ్‌మ్యాన్.

"ఇంకా రెండు గంటలుంది బాబాయ్. నువ్వు హాస్టల్‌కి వెళ్ళు, నేను లైబ్రరీ చూస్తాను," అంటూనే మేడమ్ పరుగందుకుంది.

హాస్టల్లో గ్రౌండ్‌మ్యాన్ తట్టని తలుపు లేదు. రేపటి నుంచి పరీక్షలని కొందరు మొహం మీదే వేసేశారు. ఒకడు సరేనని బూట్లు కూడా తొడుక్కున్నాడు గానీ, పేరిస్తే ఏడాదంతా తెల్లవారుజామున ఐదున్నరకి ప్రాక్టీసుకి రావాలని తెలియగానే వాటిని విప్పేశాడు. మేడమ్‌కీ చుక్కెదురే అయింది. తను తీసేసిన పదకొండు మందినీ ఒక్కొక్కరినే బతిమాలింది. "అప్పుడు నత్తలన్నారుగా మేడమ్, నత్తలు చదువుకుంటున్నాయి" అని ఒకమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పిందట.

ఇద్దరూ క్యాంటీన్ దగ్గర కలిసేసరికి నాలుగు కావస్తోంది. మేడమ్ గడియారం చూసుకుంది.

"విభాగం నిలబడితే నీ ఉద్యోగానికి ఢోకా లేదుగా బాబాయ్?"

"మీదానికి మాత్రం ఏముందమ్మా?"

ఆవిడ గబగబా ఆఫీసు బిల్డింగు వైపు నడిచింది. గ్రౌండ్‌మ్యాన్‌కి ప్రాణం ఉసూరుమంది. అనుభవం సర్టిఫికెట్ రాయించుకోడానికేమో. వయసులో ఉన్న మనిషి, తన దారి తను చూసుకుంటే తప్పేముంది?

సరిగ్గా ఐదింటికి కత్తెర సారు వచ్చి, గీత పక్కన కుర్చీ వేయించుకుని, కాగితం తొడ మీద పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. మేడమ్ జాడ లేదు. చేసేది లేక గ్రౌండ్‌మ్యానే విజిల్ ఊదాడు. పిల్లలు కదిలారు.

అప్పుడు కనిపించింది. ఆఫీసు మెట్ల మీద నుంచి రెండేసి మెట్లు దూకుతూ, జుట్టు ముడేసుకుంటూ, కాళ్ళకి పరుగు బూట్లతో. ట్రాక్ చుట్టూ కట్టిన తాడు మీంచి ఒక్క గెంతు గెంతి గీత దగ్గర నుంచి రౌండు మొదలుపెట్టింది. అందరి కంటే సగం రౌండు వెనక. పిల్లలు వెనక్కి తిరిగి చూసి ఈలలు వేశారు. గ్రౌండ్‌మ్యాన్‌కి ఒళ్ళు తెలియలేదు. ఈవిడ ఎందుకు పరిగెడుతోందో తెలియదు, ఏం లాభమో తెలియదు, కానీ అరవైకి దగ్గర పడ్డ కాళ్ళతో తనూ లోపలి గడ్డి మీద పక్కనే పరిగెత్తుతూ "లాగించమ్మా, లాగించు" అని గొంతు చించుకున్నాడు. చివరి మలుపులో ఆవిడ నలుగురిని దాటేసింది.

"ఇరవై తొమ్మిది," అన్నాడు కత్తెర సారు కలం మూస్తూ. "కోచ్ లెక్కలోకి రాదు."

మేడమ్ రొప్పుతూ మెడలో కార్డు తీసి చూపించింది. విద్యార్థి కార్డు. తడి ఇంకా ఆరని స్టాంపు.

"ఉద్యోగం చేస్తూ విద్యార్థిగా చేరకూడదు. రూలు మీకు తెలియదా?"

"తెలుసు సార్. అందుకే నాలుగింటికి రాజీనామా ఇచ్చాను. రిజిస్ట్రార్ గారు సంతకం చేశాకే లైబ్రరీ సైన్స్‌లో చేరాను. అందులో సీట్లు ఎప్పుడూ ఖాళీయే, ఏ రోజైనా చేర్చుకుంటారు."

కత్తెర సారు కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు దొరికితే కత్తిరించేవాడే. దొరకలేదు. కలం మూత తీసి ఇంకో గీత గీశాడు. పిల్లల కేకలకి గ్రౌండంతా మార్మోగింది.

గ్రౌండ్‌మ్యాన్‌కి మాత్రం కళ్ళు చెమర్చాయి. "ఎందుకమ్మా ఇంత పని చేశావు?"

"నేనుంటే విభాగం పోతోంది బాబాయ్. నేను తప్పుకుంటే మీరందరూ ఉంటారు. ఈ మాత్రం లెక్క నాకూ వచ్చు."

"విభాగం ఉంటుంది సరే," కత్తెర సారు గొంతు సవరించుకున్నాడు. "ఇన్‌ఛార్జి సంతకం లేకుండా ఫైలు కదలదు. కొత్త కోచ్ వచ్చేదాకా, ఉన్న ఉద్యోగే ఇన్‌ఛార్జి. ఇటు రా, ఇక్కడ పెట్టు."

ఎవరిని పిలుస్తున్నాడా అని గ్రౌండ్‌మ్యాన్ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. సంతకం పెట్టి తలెత్తేసరికి ముప్పై మంది వరసగా నిలబడి తనవైపే చూస్తున్నారు. వరస చివర నిలబడ్డ మనిషి చెమట తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని అడిగింది.

"రేపు ప్రాక్టీసు ఎన్నింటికి సార్?"